కామాలు కంప్యూటర్‌వి... పూచీ మాత్రం మనదే!

రాత్రి పదకొండు దాటింది. విశాఖ కావచ్చు, వరంగల్ కావచ్చు, హైదరాబాద్ కావచ్చు... ఏ యూనివర్సిటీ హాస్టల్లోనైనా కనిపించే దృశ్యమే. బల్లమీద నాలుగొందల పేజీల సిద్ధాంత గ్రంథం. పక్కన చల్లారిపోయిన టీ. ఎల్లుండే సమర్పించాలి. అయిదేళ్ల కష్టం ఒడ్డున పడిందని ఆ పరిశోధక విద్యార్థిని ఊపిరి పీల్చుకుంటున్న వేళ, గైడ్‌ నుంచి ఫోన్ వచ్చింది.

'అంతా బాగుందమ్మా. రెండో అధ్యాయంలో ఒకచోట ఆధారం చూపించలేదు. అక్కడో ఫుట్‌నోట్ పెట్టు. అలాగే చివర్లో పుస్తకాల పట్టిక ఒక పద్ధతిలో లేదు, అదీ ఓసారి చూసుకో.'

'అలాగే సార్' అంది. ఒక్కటేగా, ఎంతసేపు అనుకుంది. నలభయ్యో నోట్ తర్వాత కొత్తది చేర్చింది. అంకెలు వాటంతటవే మారాయి. హమ్మయ్య అనుకునేలోపే గమనించింది. పాత 41వ నోట్‌లో 'అదే పుస్తకం, పుట 67' అని ఉంది. అప్పటిదాకా 'అదే' అంటే నలభయ్యో నోట్‌లోని పుస్తకం. ఇప్పుడు మధ్యలో కొత్తది దూరింది కాబట్టి 'అదే' అంటే ఆ కొత్త పుస్తకమైపోయింది! '52వ నోట్ చూడండి' అని చేత్తో రాసుకున్నవి ఇంకా ఎన్నో. ఒక్క ఇటుక తీసి పెడితే గోడంతా కదిలినట్టయింది. ఇక ఆ రాత్రి నిద్ర సంగతి చెప్పేదేముంది!

పక్క గదిలో ఆమె స్నేహితురాలిదీ అదే సమస్య. అదే గైడ్, అదే గడువు. కానీ ఆమె కంప్యూటర్లో నాలుగు క్లిక్కులతో పని పూర్తిచేసి, దుప్పటి ముసుగుతన్ని పడుకుంది. మొదటి ఏడాది నుంచే ఆమె ఒక 'గుమస్తా'ను పెట్టుకుంది. ఆ గుమస్తా పేరు రిఫరెన్స్ మేనేజర్.

చుక్క తేడా వస్తే...

ఫుట్‌నోట్ అంటే పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే తలనొప్పి అనుకుంటారు చాలామంది. నిజానికి అదో హామీ పత్రం. 'ఈ మాట నేను కల్పించింది కాదు. ఫలానావారు, ఫలానా పుస్తకంలో, ఫలానా పేజీలో చెప్పారు. అనుమానముంటే వెళ్లి చూసుకోండి' అని పాఠకుడికి రాసిచ్చే పత్రం. కోర్టులో సాక్షికి ఎంత విలువుందో, పరిశోధనలో దానికంత విలువ.

విలువ మాత్రమే కాదు, ఇప్పుడు లెక్క కూడా ఉంది. పరిశోధనల్లో కాపీని అడ్డుకునేందుకు యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రచనలతో పోలిక 10 శాతం వరకూ ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతమైతే ఆరు నెలలు మించని గడువులో సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 శాతమైతే ఏడాదిపాటు సమర్పించే వీలుండదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఆధారం చూపించి ఉటంకించిన భాగాలనూ, చివరి గ్రంథసూచినీ ఈ లెక్కలోంచి మినహాయిస్తారు. అంటే, ఫుట్‌నోట్ ఉంటే అది ఉటంకింపు. అదే ఫుట్‌నోట్ జారిపోతే దొంగతనం! దొంగిలించాలన్న ఆలోచన లేనివారిని కూడా నిద్రలేని రాత్రి చేసిన పొరపాటు దోషిగా నిలబెట్టగలదు.

ఊరికో పద్ధతి

సరే, ఆధారం చూపిస్తాం. ఎలా చూపించాలి? అక్కడే చిక్కు. ఒక్కో రంగానిది ఒక్కో ఆచారం.

హార్వర్డ్‌లో జంతుశాస్త్రం చెప్పిన ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ 1881లో పెంకులేని నత్తల మీద వ్యాసం రాస్తూ, రచయిత పేరు పక్కనే బ్రాకెట్లో సంవత్సరం వేశాడు. 'హార్వర్డ్ పద్ధతి'కి అదే మొదలంటారు. షికాగో యూనివర్సిటీ ప్రెస్ 1906లో తన నియమాలను పుస్తకంగా అచ్చువేసింది. చరిత్రకారులు ఎక్కువగా నమ్ముకునే ఆ పుస్తకానికి 2024లో పద్దెనిమిదో కూర్పు వచ్చింది. వైద్య పత్రికల సంపాదకులు 1978లో కెనడాలోని వాంకూవర్‌లో కూర్చుని, పేర్ల బదులు వరస అంకెలు వేసే పద్ధతిని ఖాయం చేశారు. మనస్తత్వశాస్త్రం వాళ్లకు ఏపీఏ పద్ధతి ఉంది. 2019 నాటి ఏడో కూర్పులో, ప్రచురణకర్త ఏ ఊరివాడో రాయక్కర్లేదు పొమ్మంది. అంతకుముందు రాయకపోతే తప్పు, ఆ తర్వాత రాస్తే తప్పు!

ఉదాహరణకు వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి రాసిన 'టెక్స్‌చర్స్ ఆఫ్ టైమ్' ఉంది. పర్మనెంట్ బ్లాక్ సంస్థ 2001లో వేసింది. షికాగో ఫుట్‌నోట్‌లో మొదటి రచయిత పేరు పూర్తిగా రావాలి, సంవత్సరం ప్రచురణకర్త పక్కన బ్రాకెట్లోకి వెళ్లాలి, చివర పేజీ అంకె. ఏపీఏ పట్టికలో పేర్లు పొడి అక్షరాలై, సంవత్సరం ముందుకు దూకుతుంది. వాంకూవర్‌లో ఆ పొడి అక్షరాల పక్కన చుక్కలు కూడా ఉండకూడదు. పుస్తకం ఒక్కటే, వేషాలు మూడు. ఒక పత్రిక తిప్పిపంపిన వ్యాసాన్ని మరో పత్రికకు పంపాలంటే మూడొందల నోట్ల వేషం మార్చాలి. అందులో చదువేమైనా ఉందా? లేదు. వట్టి చాకిరీ.

గుమస్తా పనితనం

ఆ చాకిరీ మన నెత్తినుంచి దించేందుకే ఈ సాఫ్ట్‌వేర్లు పుట్టాయి. పేర్లు వేరైనా అన్నిట్లో ఉండే సరుకు మూడే.

మొదటిది, గది. ప్రతి పుస్తకానికీ ఒక కార్డు. రచయిత, పేరు, సంవత్సరం, ప్రచురణ, ఊరు... ఒక్కోదానికీ ఒక్కో గడి. పుస్తకం వెనకుండే ఐఎస్‌బీఎన్ అంకె కొడితే చాలు, తరచూ ఈ గడులన్నీ వాటంతటవే నిండిపోతాయి. పరిశోధన వ్యాసాలకైతే డీఓఐ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది.

రెండోది, కుట్టు నమూనా. ఏ పద్ధతిలో ఏ గడి ముందు రావాలి, ఎక్కడ కామా, ఎక్కడ వాలు అక్షరాలు అని చెప్పే చిన్న ఫైలు. భౌగోళిక శాస్త్రవేత్త బ్రూస్ డార్కస్ ఇందుకోసం సీఎస్ఎల్ అనే భాష తయారుచేశాడు. ఆ భాషలో రాసిన నమూనాలు పదివేలకు పైగా ఉన్నాయి, అన్నీ ఉచితం.

మూడోది, వంతెన. వర్డ్‌లోనో, లిబ్రే ఆఫీస్‌లోనో, గూగుల్ డాక్స్‌లోనో రాసుకుంటూ ఒక బటన్ నొక్కి పుస్తకాన్ని ఎంచుకుంటే అక్కడ ఫుట్‌నోట్ పడుతుంది. పైకి అక్షరాల్లా కనిపించినా లోపల అది గదిలోని కార్డుకు కట్టిన దారం. మధ్యలో కొత్త నోట్ చేరిస్తే, 'అదే పుస్తకం' అన్నది ఎక్కడ చెల్లుతుందో ఎక్కడ చెల్లదో గుమస్తానే చూసుకుంటుంది. షికాగో వద్దు, ఏపీఏ కావాలంటే నమూనా మారిస్తే చాలు. చివర్లో గ్రంథసూచి దానంతటదే తయారవుతుంది. నోట్‌లో ఉండి పట్టికలో లేని పుస్తకం, పట్టికలో ఉండి నోట్‌లో లేని పుస్తకం... ఈ బాధ తప్పుతుంది. పక్క గది అమ్మాయి నిశ్చింతగా నిద్రపోయింది ఇందుకే.

కార్డుల పెట్టె ఎవరిది?

ఈ గుమస్తాల కథలో కోర్టు గొడవ కూడా ఉంది.

లెక్కల వాళ్లకూ, కంప్యూటర్ శాస్త్రజ్ఞులకూ 1985 నుంచే బిబ్‌టెక్ ఉంది. ఓరెన్ పటాష్నిక్, లెస్లీ లాంపోర్ట్‌ల సృష్టి అది. ఎనభైల చివర్లో ఎండ్‌నోట్ వచ్చింది. చాలా బాగా పనిచేస్తుంది, కానీ కొనుక్కోవాలి. జేబులో డబ్బుల్లేని విద్యార్థుల సంగతేంటని అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీ చరిత్రకారులు ఆలోచించారు. అక్కడి కేంద్రాన్ని స్థాపించిన చరిత్రకారుడు రాయ్ రోజెన్‌జ్వైగ్‌ది, గతాన్ని అందరికీ అందుబాటులోకి తేవాలన్న పట్టుదల. ఆ కేంద్రం నుంచి 2006 అక్టోబరులో 'జొటెరో' వెలువడింది. పూర్తిగా ఉచితం. అల్బేనియా భాషలో ఒక విద్యను వశం చేసుకోవడం అనే అర్థమున్న మాట నుంచి ఆ పేరు తీసుకున్నారు. ఏడాది తిరగ్గానే, 2007లో, రోజెన్‌జ్వైగ్ కన్నుమూశాడు.

ఆ మరుసటి ఏడాది పిడుగు పడింది. ఎండ్‌నోట్ నమూనా ఫైళ్లను జొటెరోలో వాడుకునేలా మార్చే సౌకర్యం కల్పించారంటూ, అప్పట్లో దాని యజమాని అయిన థామ్సన్ రాయిటర్స్ 2008 సెప్టెంబరులో వర్జీనియా కోర్టుకెక్కింది. లైసెన్సు షరతులు ఉల్లంఘించారన్నది ఫిర్యాదు. ఏడాదికి కోటి డాలర్ల నష్టపరిహారం అడిగింది. కామా ఎక్కడ పెట్టాలో చెప్పే ఫైళ్ల కోసం కోటి డాలర్లు! 2009 జూన్‌లో కోర్టు ఆ దావాను కొట్టేసింది. జొటెరో బతికి బట్టకట్టింది.

మరో కథ మెండెలీది. లండన్‌లో ముగ్గురు జర్మన్ పరిశోధక విద్యార్థులు మొదలుపెట్టారు. జన్యుశాస్త్ర పితామహుడు మెండెల్, మూలకాల పట్టిక వేసిన మెండెలీవ్... ఇద్దరి పేర్లూ కలిపి పెట్టుకున్నారు. 2008లో విడుదలై విద్యార్థి లోకాన్ని ఊపేసింది. 2013లో దాన్ని ప్రచురణ దిగ్గజం ఎల్సెవియర్ కొనేసింది. 2018లో, వాడేవాళ్ల కంప్యూటర్లోనే ఉండే సమాచార గదికి సంకేత భాషలో తాళం పడింది. భద్రత కోసమేనని సంస్థ చెప్పింది. కానీ అప్పటిదాకా ఆ గదిలోంచి కార్డులను నేరుగా జొటెరోలోకి తెచ్చుకుంటున్నవారికి దారి మూసుకుపోయింది. 2022 సెప్టెంబరు నుంచి ఆ పాత డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌ను ఇవ్వడం కూడా ఆపేసి, దాని స్థానంలో వేరేది తెచ్చారు.

పాతకాలపు పండితుడి కార్డులు అట్టపెట్టెలో ఉండేవి. పెట్టె ఆయనది, తాళమూ ఆయనదే. ఇప్పుడు పదేళ్ల చదువును ఒక సాఫ్ట్‌వేర్‌లో దాచుకునేటప్పుడు, అందులోంచి మొత్తం బయటికి తెచ్చుకునే దారి ఉందా లేదా అని మొదటిరోజే చూసుకోవాలి. అన్ని సాఫ్ట్‌వేర్లూ చదవగల బిబ్‌టెక్, ఆర్‌ఐఎస్ రూపాల్లో అప్పుడప్పుడూ ఒక నకలు తీసి పెట్టుకుంటే, ఎవరు ఎవర్ని కొన్నా దిగులుండదు.

శ్రీ, ఎస్. ఎవరు?

గుమస్తా చురుకైనవాడే. కానీ తెలివైనవాడు కాదు. చెప్పింది చేస్తాడు, అంతే.

మన పేర్ల దగ్గరే తేలిపోతుంది ఆ సంగతి. ఈ సాఫ్ట్‌వేర్లు పాశ్చాత్యుల పేర్లను చూసి తయారయ్యాయి. పేరులోని చివరి మాటే ఇంటిపేరు అనుకుంటాయి. మనకేమో ఇంటిపేరు ముందుంటుంది. ఇంగ్లిష్ కేటలాగ్ నుంచి 'వెల్చేరు నారాయణరావు'ను దించుకుంటే, 'రావు'ను విడగొట్టి 'రావు, వెల్చేరు నారాయణ' అని తయారుచేసే ప్రమాదం ఉంది. పట్టికలో ఆయన 'ఆర్' అక్షరం కింద, రావుల గుంపులో కలిసిపోతారు. 'నారాయణరావు, వెల్చేరు' అని ఒకరు, ఇంకోలా ఇంకొకరు రాస్తే, ఒకే మనిషి మూడుచోట్ల ముగ్గురవుతాడు!

ఇక శ్రీశ్రీని ఇంగ్లిష్‌లో రెండు ముక్కలుగా రాస్తారు కదా. ఏపీఏ పద్ధతిలోకి మార్చితే ఆయన 'శ్రీ, ఎస్.' అయిపోగలడు. మహాకవికి ఈ గతేమిటని గుమస్తాను తిట్టి లాభం లేదు. జొటెరోలో పేరు పక్కన ఒక చిన్న గుర్తు ఉంటుంది. నొక్కితే రెండు గడులు ఒకటవుతాయి. పేరు ఎలా రాస్తే అలాగే ఉంటుంది. కాకపోతే నొక్కాలని మనకు తెలియాలి.

ఇంకో చిక్కు. 1950లో అచ్చయిన 'మహాప్రస్థానం'కు చలం 'యోగ్యతాపత్రం' రాశాడు. దాంట్లోని మాటను ఉటంకిస్తూ కార్డులో పుస్తకం పేరు మాత్రమే పెడితే, చలం మాట శ్రీశ్రీ ఖాతాలో పడిపోతుంది. ముందుమాటకు వేరే కార్డు చేసి, రచయితగా చలం పేరు పెట్టాలి. ఈ తేడా సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, చదివినవాడికే తెలుస్తుంది.

తెలుగు శాఖల్లో మరో కష్టం. డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో చేయించిన గ్రంథాలకు ఈ వంతెన పనిచేయదు. యూనికోడ్‌లో రాసుకున్నవారికే ఈ సుఖం. పాత తెలుగు పుస్తకాలు చాలావాటికి ఐఎస్‌బీఎన్ ఉండదు, కొన్నిటి మీద అచ్చయిన సంవత్సరమూ ఉండదు. అలాంటివి ఓపిగ్గా చేత్తో నింపుకోవాల్సిందే.

లేని వ్యాసానికి నాలుగొందల సాక్షులు

ఇంతకంటే విడ్డూరం ఒకటుంది. ఎల్సెవియర్ తన పత్రికలకు రాసేవారి కోసం, ఆధారాలు ఎలా రాయాలో చూపిస్తూ ఒక నమూనా ఇచ్చింది. వాన్ డెర్ గీర్ అనే ఆయన మరో ఇద్దరితో కలిసి 2000లో రాసిన 'ది ఆర్ట్ ఆఫ్ రైటింగ్ ఎ సైంటిఫిక్ ఆర్టికల్' అన్న వ్యాసం వివరాలు అవి. పత్రిక పేరు, సంపుటి, పేజీలు... అన్నీ ముచ్చటగా ఉన్నాయి. లేనిదల్లా ఆ వ్యాసమే! ఆ పత్రికా లేదు. వట్టి ఉదాహరణ కోసం కల్పించింది.

కానీ ఆ వ్యాసం దాదాపు నాలుగొందల పత్రాల్లో ఆధారంగా కనిపించింది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీ విశ్రాంత ఆచార్యుడు పీటర్ క్రూనెన్‌బర్గ్ దీన్ని గమనించాడు. ఆచార్య ఆన్-విల్ హార్జింగ్ కూపీ లాగింది. 2017లో విషయం లోకానికి తెలిసింది. వాటిలో ఎక్కువ భాగం సదస్సుల్లో సమర్పించిన పత్రాలు. నమూనా ఫైల్లో తమ వ్యాసాన్ని నింపుకుంటూ, ఆ ఉదాహరణను చెరపడం మర్చిపోయినవాళ్లే ఎక్కువ అయి ఉండాలి. కామాలు, చుక్కలు, వాలు అక్షరాలు... పద్ధతిలో ఒక్క తప్పు లేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

కృత్రిమ మేధ వచ్చాక ఇలాంటి దయ్యాలు ఇంకా పెరిగాయి. 2023 జూన్‌లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లకు, వారి సంస్థకు కలిపి న్యాయమూర్తి అయిదు వేల డాలర్ల జరిమానా వేశారు. చాట్‌జీపీటీ చెప్పిన తీర్పులను వాళ్లు నమ్మి కోర్టుకిచ్చారు. అలాంటి తీర్పులు ఎక్కడా లేవు. పేర్లు, అంకెలు మాత్రం అచ్చం తీర్పుల్లాగే ఉన్నాయి.

గుమస్తా చేయగలిగిన మేలు కూడా లేకపోలేదు. జొటెరో 2019 నుంచి, ఉపసంహరించిన వ్యాసాల జాబితాతో మన కార్డులను పోల్చి చూస్తోంది. ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది కదా... అలాంటిది మన గదిలో ఉంటే ఎర్రగా హెచ్చరిక చూపిస్తుంది. కానీ హెచ్చరించడమే దాని వంతు. తీసేయాలా వద్దా అన్నది మన వంతు.

మొదలుపెట్టేవారికి...

* చివరి నెలలో కాదు, మొదటి పుస్తకం చదివిన రోజే కార్డు చేసుకోండి.
* దించుకున్న ప్రతి కార్డునూ పుస్తకం లోపలి పేజీతో ఒకసారి పోల్చండి. ముఖ్యంగా పేర్లు, సంవత్సరం.
* ఉటంకించదలచిన మాటను, పేజీ అంకెతో సహా అదే కార్డుకు నోట్‌గా తగిలించండి.
* ఇంకొకరి పుస్తకంలో చూసిన ఉటంకింపు అయితే, ఆ సంగతి దాచకుండా రాయండి. వీలైతే అసలు పుస్తకం తెరవండి.
* డీటీపీకో, ప్రెస్సుకో ఇచ్చేటప్పుడు కార్డులతో ఉన్న దారాలు తెంపిన నకలు ఇవ్వండి. అసలు ఫైలు విడిగా దాచుకోండి. తెంపాక మళ్లీ కట్టడం కుదరదు.
* జొటెరో ఉచిత ఖాతాలో ఫైళ్లకు 300 ఎంబీ చోటే ఉంటుంది. కార్డులకు ఆ పరిమితి లేదు. పీడీఎఫ్‌లు ఎక్కువుంటే సొంత డ్రైవ్‌లోనూ ఒక నకలు ఉంచుకోండి.

* * *

పక్క గది అమ్మాయి సిద్ధాంత గ్రంథం సమర్పించింది. ఫుట్‌నోట్లు ముత్యాల్లా ఉన్నాయని గైడ్ మెచ్చుకున్నారు. వైవా దగ్గరపడుతుండగా ఒకరోజు పిలిచి అడిగారు.

'మూడో అధ్యాయంలో నీ వాదనంతా ఈ ఒక్క వాక్యం మీదే నిలబడింది కదమ్మా. ఆ పుస్తకం నువ్వు చూశావా?'

'పట్టికలో ఉంది సార్.'

'పట్టికలో ఉన్న సంగతి నాకూ తెలుసు. నువ్వు చూశావా అని అడుగుతున్నా.'

చూడలేదు. మరెవరో ఉటంకిస్తే అక్కడినుంచి తీసుకుంది. మర్నాడు లైబ్రరీ తలుపులు తెరిచేసరికే వెళ్లి కూర్చుంది. దుమ్ము దులిపి ఆ పుస్తకం తెరిచింది. పేజీ సరిగ్గానే ఉంది. వాక్యమూ ఉంది. కానీ ఆ వాక్యం మొదట్లో 'బహుశా' అనే మాట ఒకటుంది. మధ్యవర్తి దాన్ని వదిలేశాడు. ఆమె గ్రంథంలోనూ లేదు.

పుస్తకం మూయకుండానే, వైవాలో తానే ముందుగా చెప్పాల్సిన తప్పు ఇదేనని కాగితం మీద రాసుకుంది. పక్కనే పేజీ అంకె వేసింది. ఈసారి చూసి వేసింది.